పాతచీర, కొత్తబొంత
(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలలో భాషను గూర్చి, చరిత్రను గూర్చి, విద్యావిధానాన్ని గూర్చి ప్రసంగాలు జరగడం పరిపాటి. ఆ వరుసలో బొంత అనే మాట వినిపించగానే కొందరి ముఖాలపై చిరునవ్వు మెరియడం సహజమే. కాని ఈ ప్రాంగణంలో చదివిన వారిలో చాలామంది పుట్టిన నాడు మొదట పడుకొన్నది బొంత మీదనే. అక్షరాభ్యాసానికి ముందే వారికి రంగులను, గీతలను, చతురస్రాలను, త్రికోణాలను పరిచయం చేసినదీ ఆ బొంతయే. మంచానికి సరిపడే బొంతను ఇంట్లోనే, తీరిక సమయంలో, పాతచీరలతో కుట్టుకొనే ఆ విద్య ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నది, దానిని నిలుపుకొనడం సాధ్యమా, అందులో పిల్లలకు నేర్పదగినది ఏమున్నది అన్నవి నేటి ప్రసంగ విషయములు.

ముందు మాటను గూర్చి. సంస్కృతంలో దీనిని కంథ అన్నారు. బెంగాలీలు కాంథా అంటారు. హిందీవారు గుదడీ అంటారు. మహారాష్ట్రులకు ఇది గోధడి, ఉత్తరకర్ణాటకవాసులకు కౌది. తెలుగువారికి బొంత. మూడు భాషల కూడలిలో ఉన్న షోలాపూర్ వంటి నగరంలో పెరిగిన తెలుగు పిల్లవానికి ఈ పేర్లలో కనీసం మూడు చెవిని పడతాయి. అయితే వీధిలో గోధడి అన్న మాట రోజూ వినిపిస్తుంది; బొంత అన్న మాట ఇంట్లో అమ్మమ్మ నోటనే వినిపించాలి. అమ్మమ్మ ఆ పని మానివేస్తే ఆ మాటను పలుకవలసిన అవసరమే ఇంట్లో ఉండదు. వస్తువు పోయిన తరువాత మాట నిఘంటువులో మిగలవచ్చును గాని నాలుకపై మిగలదు.

నిజానికి తెలుగుభాష కూడ బొంతకు పెద్దగా మర్యాద చేయలేదు. దళసరిగా, మోటుగా కనిపించిన ప్రతిదానికీ దాని పేరు తగిలించారు. ఒళ్ళంతా నూగున్న పురుగు బొంతపురుగు, పెద్ద కాకి బొంతకాకి, ముళ్ళజెముడులో ఒక రకం బొంతజెముడు. పొందిక లేని దేనినైనా ‘అతుకుల బొంత’ అని ఈసడించడం పత్రికలకు అలవాటైపోయినది; నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పరచిన మరునాడే ఆ మాట శీర్షికలకు ఎక్కుతుంది. ఈ పోలిక కుట్టేవారి దృష్టిలో సరియైనది కాదు. చక్కగా కుట్టిన బొంతలో అతుకు విడిపోదు. పాతచీర విడిగా ఉన్నప్పుడు చేతితో లాగితే చిరుగుతుంది. అదే చీర నాలుగు పొరలుగా వేలకొలది కుట్లు పడిన తరువాత ఇద్దరు చెరొక కొస పట్టుకొని పిండినా తట్టుకొంటుంది. శీర్షికలు పెట్టేవారు ఒక్క బొంతనైనా కుట్టి ఉంటే ఆ పోలికను కూలిపోయే ప్రభుత్వాలకు వాడి ఉండేవారు కారు.

మరొకవైపు ఇదే అతుకుల వస్త్రానికి మనదేశంలో పూజ్యస్థానం కూడ కలదు. శంకరుల పేరిట ప్రసిద్ధమైన భజగోవిందంలో వీధిలో దొరికిన పేలికలతో కుట్టిన కంథను ధరించిన యోగి ప్రస్తావన ఉన్నది. బౌద్ధభిక్షువుల చీవరం ముక్కలను అతికి కుట్టినదే. మగధదేశంలోని వరిమళ్ళను, వాటి మధ్య గట్లను చూపి అదే పద్ధతిలో చీవరమును కూర్చవలసినదిగా బుద్ధుడు ఆనందునికి సూచించినట్లు వినయపిటకంలో ఉన్నది. బెంగాల్‌లో పాతచీరల అంచుల నుండి లాగిన రంగుదారాలతోనే ఏనుగులను, పల్లకీలను, తామరలను కుట్టిన నక్షీ కాంథాలు నేడు మ్యూజియంలలో ఉన్నవి. జసీముద్దీన్ 1929లో ప్రచురించిన ప్రసిద్ధ బెంగాలీ కథాకావ్యానికి ఆ కాంథా పేరే పెట్టాడు. కాబట్టి చిన్నచూపు చూడవలసిన కారణం వస్తువులో లేదు. కుట్టేవారు పేదలు కావడం, పైగా స్త్రీలు కావడం వలన ఆ చూపు అలవాటైనది.

షోలాపూర్ తెలుగువారి విషయంలో ఇందులో ఒక విచిత్రం ఉన్నది. 1877లో అక్కడ నూలు, నేత మిల్లు వెలసిన నాటి నుండి, అంతకు ముందు నుండి కూడ, తెలంగాణ జిల్లాల పద్మశాలీ కుటుంబాలు మగ్గం పనిని నమ్ముకొని ఆ ఊరు చేరాయి. ఊరి తూర్పుభాగమంతా తెలుగు వినిపించే వీధులైనది. నారళీ పున్నమి నాటి మార్కండేయ రథోత్సవం ఊరి పండుగ అయినది. జకార్డు మగ్గాల మీద నేసిన షోలాపూర్ చద్దరు దేశమంతటా పేరు పొందినది. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. దేశానికంతటికీ దుప్పట్లు నేసిన ఇళ్ళలో పిల్లలు కప్పుకొన్నది మాత్రం ఎక్కువగా అమ్మ కుట్టిన బొంతనే. నేసిన చద్దరు అమ్మకానికి. వాడిన చీర ఇంటికి. పగలు కండెలు చుట్టి, బీడీలు చుట్టి, వంట ముగించి, మిగిలిన మధ్యాహ్నపు గంటలో కాళ్ళు చాపుకొని కూర్చొని ఆ స్త్రీలు కుట్టిన కుట్లకు ఎవరూ లెక్క కట్టలేదు. మగ్గం మీద మిగిలిన పోగులను నాలుగైదు కలిపి పేనితే దారం కొనవలసిన పని ఉండేది కాదు. బొంతకు అయిన ఖర్చు ఎంత అని అడిగితే ‘ఏమీ లేదు’ అనేవారు. ఆ ‘ఏమీ లేదు’ అన్న జవాబును కొంచెం పరీక్షించి చూడవలసి ఉన్నది. అందుకు పని ఎట్లా సాగుతుందో ముందు తెలిసికొనాలి.

ఇద్దరు పడుకొనే మంచం సామాన్యంగా ఆరుంబావు అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, అనగా 75 అంగుళాలు, 60 అంగుళాలు ఉంటుంది. బొంత రెండు పక్కలా పదిహేనేసి అంగుళాలు జారాలి. కాళ్ళ వైపు పదిహేను, తల వైపు పది అంగుళాలు ఎక్కువ ఉండాలి. లెక్క చూస్తే వెడల్పు 90, పొడవు 100 అంగుళాలు. ఇప్పుడు చీరను చూడండి. అయిదున్నర మీటర్ల చీర పొడవు దాదాపు 216 అంగుళాలు, పన్నా 45 అంగుళాలు. దానిని నడిమికి కత్తిరించి రెండు సగాలను పక్కపక్కన చేర్చి కుడితే 108 అంగుళాల పొడవు, కుట్టులో పోయినది పోగా 89 అంగుళాల వెడల్పు గల పొర ఒకటి వస్తుంది. అంటే ఒక చీర జంటమంచపు బొంతకు ఒక పొర. మంచాన్ని చూసి చీరను నేయలేదు, చీరను చూసి మంచాన్ని చేయలేదు. అయినను రెండూ ఇట్లా కుదిరాయి. మహారాష్ట్ర స్త్రీలు కట్టే తొమ్మిది గజాల చీర దొరికితే దానిని నాలుగు సమభాగాలు చేసి రెండేసి కలిపితే రెండు పొరలు వస్తాయి, కాకపోతే పొడవు 80 అంగుళాలకు తగ్గుతుంది. ఒంటరిమంచానికైతే వెడల్పు 60, పొడవు 90 అంగుళాలు చాలు.

పొరలు ఎన్ని ఉండాలన్నది అవసరాన్ని బట్టి ఉంటుంది. దక్కను పీఠభూమిలో చలి రెండు నెలలు, అదీ తెల్లవారుజామున. కప్పుకొనడానికి మూడు నాలుగు పొరలు చాలును. కింద పరచుకొనడానికైతే ఆరేడు పొరలు వేసేవారు. వెచ్చదనం గుడ్డలో కంటె గుడ్డకు గుడ్డకు మధ్య చిక్కిన గాలిలో ఎక్కువగా ఉంటుంది. అందువలన అరంగుళానికొక వరుస చొప్పున మరీ దట్టంగా కుడితే బొంత అట్టవలె బిగిసిపోయి వెచ్చదనం తగ్గుతుంది. మరీ ఎడంగా కుడితే లోపలి పొరలు ఉతుకులో ఒకమూలకు చేరి ముద్దకడతాయి. వరుసకు వరుసకు ఒక అంగుళం దూరం ఉండటం మధ్యేమార్గం.

గుడ్డ ఎంపికలోనే సగం పని ఉన్నది. బాగా ఉతికి ఉతికి గంజి, బిరుసు పోయిన నూలుచీర అన్నింటికంటె శ్రేష్ఠం. అది వంటికి మెత్తన, సూదికి సులువు; ముడుచుకొనవలసినంత ముందే ముడుచుకొని ఉంటుంది గనుక బొంత కుట్టిన తరువాత కుంచించుకొనిపోదు. కొత్తగుడ్డ ముక్కను పాతచీరతో కలపదలచినప్పుడు దానిని రాత్రంతా నీటిలో నానబెట్టి, ఆరబెట్టి, అప్పుడే కత్తిరించాలి. లేకుంటే మొదటి ఉతుకులోనే ఆ ముక్క ముడుచుకొని చుట్టుపక్కల గుడ్డనంతా గుంజుతుంది. రంగు కారే గుడ్డను ముందే కనిపెట్టాలి. తెల్లని తడిగుడ్డతో గట్టిగా రుద్దితే రంగు అంటుకొంటున్నదో లేదో తెలిసిపోతుంది. ఉప్పునీటిలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది నమ్ముతారు. నిలవని అద్దకాన్ని ఉప్పు నిలపలేదు. అటువంటి గుడ్డను విడిచిపెట్టడమే మంచిది. ఒక్క ఎర్రముక్క వలన నెల రోజుల పని పాడైపోవచ్చును.

సింథటిక్ చీరలు వచ్చినది మొదలు ఈ విద్యకు పెద్ద దెబ్బ తగిలినది. 1980ల నాటికి ఉతకడం సులభమని, ఇస్త్రీ అక్కరలేదని, చిరగదని ఇంటింటా పాలియెస్టర్ చీర ప్రవేశించినది. చిరగకపోవడమే బొంతకు అడ్డంకి అయినది. చీర పాతబడదు, మెత్తబడదు, చెమట పీల్చదు. పొరల మధ్య జారిపోతుంది. నిప్పురవ్వ పడితే నూలుగుడ్డ కాలి బూడిద అవుతుంది. ఇది కరిగి చర్మానికి అంటుకొంటుంది. అటువంటి చీరలను పాతసామాన్లవానికి ఇచ్చి స్టీలుగిన్నె తీసికొనడమే మేలని గృహిణులు భావించడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి బొంతలు తగ్గిపోవడానికి ఆడవారి సోమరితనమే కారణమని తేల్చివేసే పెద్దమనుషులు ఒకసారి బీరువా తెరచి లోపల నూలుచీరలు ఎన్ని ఉన్నవో లెక్కించవలెను. నేటికీ పంచెలు, తెల్లదుప్పట్లు, నూలు చుడీదార్లు, వాడిన పరుపుగలేబులు, టైలరు దుకాణంలో మిగిలే జాకెట్టుగుడ్డ ముక్కలు దొరుకుతూనే ఉన్నవి. వెదకితే ముడిసరుకుకు కొరత లేదు.

ఇక కుట్టడం. కడిగి ఆరిన గచ్చు మీద అస్తరుగా ఉండే చీరను తిరగవేసి ముడతలు లేకుండ పరచి, నాలుగు అంచులా బరువులు పెట్టాలి. రుబ్బుడురాయి పొత్రము, ఇస్త్రీపెట్టె, చెంబులు, ఏవైనా సరే. దాని మీద చిరుగులున్న గుడ్డలను లోపొరలుగా పరచాలి. చిరుగు పైన చిరుగు పడకుండ చూడడం ఒక్కటే ఇక్కడ నియమం. అన్నింటి మీద అందమైన పైపొర. తరువాత జానెడేసి పొడవు కచ్చాకుట్లతో అన్ని పొరలనూ కలిపి పట్టివేసి అప్పుడు అసలు కుట్టు మొదలుపెట్టాలి. సూదిని ముంచి తేల్చుతూ పోయే సాదా కుట్టే ఇది. తెలంగాణ నుండి వచ్చినవారు టాకా అంటారు. లావు సూది, మైనం రాసిన నూలుదారం, మధ్యవేలికి ఒక తొడుగు ఉంటే చాలును. దారాన్ని మూర పొడవుకు మించి తీసికొనరాదు. మాటిమాటికి సూదిలో దారం ఎక్కించడం విసుగని బారెడు దారం తీసికొన్నవారికి చిక్కుముడులు విప్పుకొనడంతోనే పొద్దు గడిచిపోతుంది.

కుట్టు ఎక్కడ మొదలుపెట్టాలన్న విషయంలో రెండు సంప్రదాయాలు ఉన్నవి. పాశ్చాత్యదేశాలలో చట్రానికి బిగించి నడిమి నుండి అంచులకు కుట్టుకొంటూ పోతారు. ముడతలు బయటికి తోసుకొనిపోతాయి. దక్కను స్త్రీలకు చట్రం లేదు, నేలయే చట్రం. అంచున మొదలుపెట్టి నాలుగు వైపులా తిరుగుతూ, చుట్టు తరువాత చుట్టుగా లోపలికి వస్తూ నడుమ ముగిస్తారు. అంచు ముందే బిగిసిపోతుంది గనుక పొరలు కదలవు. పైగా నలుగురు నాలుగు వైపులా కూర్చొని ఒకేసారి కుట్టవచ్చును. ఒకరి చేతికి మరొకరు అడ్డం రారు. ఈ పద్ధతిలో ప్రమాదమూ ఉన్నది. మొదట ముడతలు సరిగా తీయకపోతే అవన్నీ నడుమకు చేరి అక్కడ గుడ్డ ఉబ్బి నిలుస్తుంది. అందుకే అనుభవం గల స్త్రీలు కుట్టడానికి పట్టే శ్రద్ధకంటె పరచడానికి ఎక్కువ శ్రద్ధ చూపిస్తారు.

పైపొర ముక్కల బొంతగా ఉండాలంటే కొంచెం లెక్క కావాలి. పూర్తయిన తరువాత ఒక్కొక్క ముక్క పది అంగుళాల చతురస్రంగా కనిపించాలంటే అడ్డం తొమ్మిది, నిలువు పది, మొత్తం 90 ముక్కలు కావాలి. అన్ని వైపులా అరంగుళం కుట్టులో పోతుంది గనుక పదకొండు అంగుళాల చొప్పున కత్తిరించాలి. చీర పన్నాలో నాలుగు ముక్కలు, పొడవులో పందొమ్మిది, వెరసి 76 ముక్కలు ఒక చీరలో వస్తాయి, చిరుగులు లేకపోతే. ఇక్కడ నేతకుటుంబాల పిల్లలకు పుట్టుకతో వచ్చిన ఒక జ్ఞానం ఉపయోగపడుతుంది. ప్రతి ముక్కలోను పడుగు ఒకే దిక్కున ఉండాలి. పడుగు ఒక ముక్కలో నిలువుగా, పక్కముక్కలో ఐమూలగా ఉంటే ఐమూలగా ఉన్నది సాగుతుంది, ఉన్నచోట నిలవదు. చతురస్రాన్ని కోసి త్రికోణాలు చేసినప్పుడు ఐమూలకోత అంచును లాగకుండ కుట్టడం నేర్పు గల పని. పడుగు ఏదో, పేక ఏదో గుడ్డను రెండువైపులా లాగి చూసి చెప్పగల పిల్లలు ఈ పాఠశాలలో ఇప్పటికీ ఉన్నారంటే అది పాఠ్యపుస్తకం నేర్పిన విద్య కాదు.

ముక్కలను ముందుగా అతికి తరువాత పొరలు కుట్టే పద్ధతి ఒక్కటే ఉన్నదనుకొనరాదు. ఉత్తరకన్నడ జిల్లాలో ఎల్లాపుర, హళియాళ, ముండగోడ ప్రాంతాలలో సిద్దీలు నివసిస్తున్నారు. వీరి పూర్వులు ఆఫ్రికా నుండి వచ్చినవారు. వీరి స్త్రీలు కుట్టే బొంతను కవంద్ అంటారు. పరచిన పాతచీర మీద ఒక మూల నుండి ముక్కలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి, అంచు లోనికి మడిచి, అతుకును, పొరల కుట్టును ఒకే సూదిపోటుతో కానిస్తూ అంచుల వెంట తిరిగి నడుమకు చేరుతారు. ముందుగా గీసిన చిత్రమేదీ ఉండదు. చేతికి వచ్చిన రంగును బట్టి పక్కరంగును నిర్ణయిస్తారు. నాలుగు మూలల మడతలు పెట్టిన చిన్నగుడ్డలను పూలవలె కుడతారు. అవి లేని కవంద్‌ను పూర్తయినదిగా భావించరు. హెన్రీ డ్రూవల్ అనే అమెరికన్ కళాచరిత్రకారుడు వీటిని చూసి ముగ్ధుడై వీరి పనిని వెలుగులోకి తెచ్చాడు. 2004లో ఆ స్త్రీలతో ఒక సహకారసంఘం ఏర్పడినది. ఆ బొంతలు విదేశాలలో ప్రదర్శింపబడినవి. షోలాపూర్ నుండి ఒక రాత్రి ప్రయాణంలో చేరగల ఊళ్ళ పనిని అమెరికా నుండి వచ్చినవారు చూపించవలసి రావడం ఆలోచింపదగిన విషయం.

ఇప్పుడు ఆ ‘ఏమీ లేదు’ అన్న జవాబుకు తిరిగి వద్దాము. తొంభై అంగుళాల వెడల్పులో అంగుళానికొక వరుస, ఒక్కొక్క వరుస నూరు అంగుళాలు అంటే మొత్తం కుట్టు 9,000 అంగుళాలు, సరిగా 250 గజాలు. దారం పైకీ కిందికీ తిరుగుతుంది గనుక 300 గజాలు పడుతుంది. అంగుళానికి రెండు కుట్లు కనిపించేటట్లు కుట్టినా 18,000 కుట్లు. చేయి తిరిగినవారికి మీటరు కుట్టుకు అయిదు నిమిషాలు అనుకొంటే అసలు కుట్టుకే 19 గంటలు. ఉతకడం, కత్తిరించడం, తొంభై ముక్కలను అతకడం, పరచడం, అంచు మడవడం కలిపితే ఇంతకు రెట్టింపు కాకమానదు. ఏ కూలి రేటు చొప్పున లెక్కించినా ఇది మంచి ధర పలికే వస్తువు. ఈనాడు నగరాలలోని అంగళ్ళలో చేతికుట్టు బొంతలకు పెద్ద ధరలే ఉన్నవి. అదే పనిని కూలికి కుట్టే స్త్రీ చేతికి వచ్చేది ఆ ధరలో స్వల్పభాగం. ఇంట్లో కుట్టిన ఇల్లాలికైతే అదీ లేదు. ఆమె పనిని పని అనే అనలేదు, పొద్దుపోక చేసినదన్నారు. మగ్గం మీద గజానికింత అని కూలి లెక్క కట్టిన ఇంట్లోనే సూదిపనికి లెక్క లేకపోయినది. తల్లులు చేసిన ఈ పని విలువను పిల్లలకు అంకెలలో చూపించడం గణితపాఠంగా కూడ బాగుంటుంది.

బజారులో చవకగా కంబళ్ళు దొరుకుతుండగా ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. డబ్బు ఆదా చేయడానికే అయితే నేడు బొంత కుట్టవలసిన అవసరం చాలా ఇళ్ళకు లేదు. కాని చేతితో ఒక పెద్ద వస్తువును మొదలుపెట్టి, నెల పదిహేను రోజులు విడువకుండ నడిపి, ముగించి, దాని మీద నిద్రించగలిగే పనులు ఇప్పటి పిల్లలకు ఎన్ని మిగిలినవి? ఉద్యోగం చేసే తల్లులకైనా రాత్రి భోజనాల తరువాత అరగంట చాలును, బొంత తొందరపెట్టదు. కుట్టుమిషను వాడవచ్చునా అంటే ముక్కలను అతకడానికి నిస్సందేహంగా వాడవచ్చును. పొరలను కలిపి కుట్టడానికి ఇంటి మిషను అంత అనుకూలం కాదు. తొంభై అంగుళాల వెడల్పు గల నాలుగు పొరల గుడ్డను చుట్టచుట్టి మిషను చేతికింద దూర్చడం సాముగరిడీ వంటిది. పైపొర ముందుకు, అడుగుపొర వెనుకకు జరిగి ముడతలు పడతాయి.

పాఠశాల విషయానికి వస్తే, కార్యానుభవం పేర వారానికి ఉన్న పీరియడ్లలో రంగుకాగితాల పూలు చేయించేకంటె బొంతకుట్టు నేర్పడం మేలు. అబ్బాయిలకు కూడ. నేతపని పురుషుల వృత్తిగా సాగిన సమాజంలో సూది పట్టడం అబ్బాయికి నామోషీ అనడం నవ్వు పుట్టించే మాట. మొదటనే మంచపుబొంత మొదలుపెట్టించరాదు, పిల్లలు జడుసుకొంటారు. పది అంగుళాల ముక్కలు నాలుగు అతికిన ఇరవై అంగుళాల ఆసనం చాలును. అంగుళానికొక వరుస చొప్పున అందులో 400 అంగుళాల కుట్టు, 800 టాకాలు. నెలలో ముగుస్తుంది. ఇటువంటి ఆసనాలు ఇరవై చేరిస్తే నాలుగు వరుసలలో అయిదేసి, 80 అంగుళాలు, 100 అంగుళాలు గల ఒక పెద్ద బొంత పైపొర అవుతుంది. అది తరగతి మొత్తానిది.

ఒక మూల కుట్టినవారి పేరు, సంవత్సరం తెలుగు అక్షరాలలో కుట్టించడం మరువరాదు. తెలుగు మాధ్యమంలో పిల్లలను చేర్చే తల్లిదండ్రులు ఏటేటా తగ్గుతున్న కాలమిది. తెలుగు చక్కగా మాట్లాడి, చదవలేని పిల్లలు ప్రతి బంధువర్గంలోను ఉన్నారు. అటువంటి పిల్లలు కూడ తమ పేరును కుట్టదలచినప్పుడు అక్షరం ఆకృతిని శ్రద్ధగా చూడక తప్పదు. గుండ్రని అక్షరాలను సాదా కుట్టుతో తీయడం కష్టం, గొలుసుకుట్టు వాడాలి. అక్షరం ఎత్తు అంగుళానికి తగ్గితే తలకట్టు, గుడి కలిసిపోతాయి. ఒత్తులున్న పేర్లకు రెండంగుళాల చోటు విడిచిపెట్టాలి. పూర్వవిద్యార్థినులలో అమ్మమ్మలైనవారు ఎందరో ఈ సభలో ఉన్నారు. నెలకు రెండు మధ్యాహ్నాలు వచ్చి పిల్లల పక్కన కూర్చొనగలిగితే ఉపాధ్యాయులకు తెలియని మెళకువలు కూడ వారి ద్వారా అందుతాయి. కూర్చొన్నంతసేపు వినిపించేది తెలుగే అవుతుంది.

పసిపిల్లల ఇళ్ళవారికి ఒక హెచ్చరిక అవసరం. ఏడాది నిండని శిశువుకు బొంతను, మరే దళసరి దుప్పటిని గాని కప్పి నిద్రపుచ్చరాదని నేటి వైద్యులు చెప్పుతున్నారు. ముఖం మీదికి వస్తే తొలగించుకొనే శక్తి బిడ్డకు ఉండదు. బల్లపరుపుగా బిగించి పరచిన పక్క మీద పడుకోబెట్టి, ఒంటికి తగిన దుస్తులు తొడిగితే చాలును. అమ్మమ్మ ప్రేమతో కుట్టిన చిన్నబొంత బిడ్డ పాకే వయస్సులో నేల మీద పరచడానికి చక్కగా పనికివస్తుంది.

ఇక బొంతను కాపాడుకొనడం. నాలుగు నూలుచీరల బొంత పొడిగా ఉన్నప్పుడే రెండు కిలోల బరువుంటుంది. తడిసినప్పుడు అయిదు కిలోలకు పైబడుతుంది. దానిని ఒకవైపు పట్టుకొని తీగ మీద వేలాడదీస్తే నీటిబరువుకు కుట్లు తెగుతాయి. మేడమీద శుభ్రమైన గచ్చున పరచి గాని, రెండు మూడు తీగలమీద బరువు పంచి గాని ఆరవేయాలి. ఎండాకాలంలో ఒకసారి, దసరా తరువాత ఒకసారి ఉతికితే సరిపోతుంది. మధ్యలో వారానికొకమారు ఎండలో వేసి దులిపితే చాలును. లోపలి పొరలో తడి మిగిలి ఉండగా మడిచి పెట్టెలో పెట్టరాదు, బూజు పడుతుంది. పైపొర చిరిగితే చిరిగిన ముక్క మీద మరొక ముక్క వేసి అదే దారపు వరుసల వెంట కుట్టాలి. అంచులు అరిగితే పాతచీర జరీలేని అంచును తెచ్చి చుట్టూ తిప్పాలి. అంతకూ పనికిరాకుండ పోయిన బొంతను పారవేయనక్కరలేదు. విప్పకుండ అట్లే రెండు కొత్తపొరల నడుమ పరచి కుట్టవచ్చును. అప్పుడు లోపొరలకు వేరే గుడ్డ వెదకవలసిన పని ఉండదు. పాతకుట్లు లోపల ఉండనే ఉన్నవి గనుక కొత్తవరుసలను రెండంగుళాల ఎడంతో కుట్టినా ఆగుతాయి.